లెఫ్ట్ బ్యాక్ వల్లే ఓడిపోయామా? మ్యాచ్ అయ్యాక ఆటను ఎలా చూడాలి

తమ్మీ, నువ్వడిగింది ఇదీ. హన్మకొండ జేఎన్ఎస్‌లో (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో) మీ కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ 2-1తో ఓడిపోయింది. టీమ్‌ను చూసుకుంటున్నది నువ్వే. రెండు గోల్సూ ఎడమవైపు నుంచే పడ్డాయని వాట్సాప్ గ్రూపులో అందరూ లెఫ్ట్ బ్యాక్‌ను, అంటే వెనుక వరసలో ఎడమవైపు కాచే డిఫెండర్‌ను, తిడుతున్నారు, ఆ అబ్బాయి ప్రాక్టీస్‌కు రావడం మానేశాడు. ఇప్పుడు ప్రతి ఆటగాడికీ పదికి మార్కులు వేసి గ్రూపులో పెట్టాలనుకుంటున్నావు, ఎలా వేయాలో చెప్పమంటున్నావు.

నువ్వు పెట్టిన వీడియో మొదటి నుంచి చివరిదాకా చూశాను. కాజీపేటలో చాలా ఏళ్ళుగా పిల్లలకు ఆట నేర్పుతున్న మనిషిగా నా మాట ముందే చెప్తున్నా: ఆ ఓటమి లెఫ్ట్ బ్యాక్‌ది కాదు. ఒక మనిషి చేయలేని పని ఆ అబ్బాయికి అప్పజెప్పారు. రెండెద్దుల బండికి ఒక్క ఎద్దును కట్టి, బండి కదలలేదని ఆ ఎద్దునే కొట్టినట్టుంది. మార్కుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఇది అర్థం కావాలి.

ఆటగాడు బాగా ఆడాడా లేదా అని చూసే ముందు అడగాల్సింది ఒక్కటే: ఈ మ్యాచ్‌లో అతనికి ఇచ్చిన పని ఏంటి? అది తెలియకుండా వేసే మార్కులకు విలువ లేదు. 90 నిమిషాల మ్యాచ్‌లో ఒక ఆటగాడి కాళ్ళ దగ్గర బంతి ఉండేది రెండు మూడు నిమిషాలే. మనం మార్కులు వేసేది ఆ రెండు మూడు నిమిషాలు చూసి. మిగతా సమయమంతా అతను ఎక్కడ నిలబడ్డాడు, ఎవరిని మూసేశాడు, ఎవరి కోసం పరిగెత్తాడు అన్నది మన కంటికి ఆనదు. ఎందుకంటే కన్ను బంతి వెంటే పోతుంది.

ఇక మీ మ్యాచ్. మీరు ఆడింది 4-4-2 (వెనుక నలుగురు, మధ్య వరసలో నలుగురు, ముందు ఇద్దరు), వాళ్ళు ఆడింది 4-3-3. మీ మధ్య వరసలో ఇద్దరు అంచుల్లో ఆడేవాళ్ళే. అంటే గ్రౌండ్ నట్టనడుమ మీవాళ్ళు ఇద్దరు, వాళ్ళు ముగ్గురు. మొదటి పది నిమిషాల్లోనే వాళ్ళ మిడ్‌ఫీల్డర్లలో ఒకడు ప్రతిసారీ ఖాళీగా దొరుకుతున్నాడు. నువ్వు దాన్ని గమనించావు, అది మంచి విషయమే. టచ్‌లైన్ దగ్గర నుంచి నీ గొంతు వీడియోలో స్పష్టంగా వినబడుతోంది: "పదకొండూ, లోపలికి రా, మధ్యల నిలబడు!" ఎడమ అంచున ఆడే పదకొండో నంబర్ అబ్బాయి చెప్పిన మాట విన్నాడు. లోపలికి వచ్చాడు, మధ్యలో ముగ్గురికి ముగ్గురయ్యారు. కానీ అక్కడితో ఎడమవైపు అంచు మొత్తం మూడో నంబర్, అంటే మీ లెఫ్ట్ బ్యాక్ ఒక్కడి మీద పడింది. అతని ఎదురుగా వాళ్ళ రైట్ వింగర్ (కుడి అంచున ముందుకు దూసుకెళ్ళే ఆటగాడు) ఉన్నాడు. వింగర్ వెనుక నుంచి వాళ్ళ రైట్ బ్యాక్ కూడా పైకి వస్తున్నాడు. అప్పటి నుంచి ఆ అబ్బాయి ప్రతిసారీ ఇద్దరితో ఒంటరిగా ఆడాడు.

24వ నిమిషం గోల్‌ను బంతి నెట్‌లో పడిన దగ్గర ఆపి చూడకు. ఇరవై సెకన్లు వెనక్కి వెళ్ళు. మీ పదో నంబర్ వాళ్ళ హాఫ్‌లో ఇద్దరిని దాటబోయి బంతి పోగొట్టుకున్నాడు. ఆ క్షణంలో లెఫ్ట్ బ్యాక్ సగం గీత దాటి ముందున్నాడు. ఎందుకున్నాడు? అంతకు ముందే నువ్వు "పైకి పో, పైకి పో" అని అరిచావు కాబట్టి. లెఫ్ట్ బ్యాక్ పైకి వెళ్తే ఆ ఖాళీని చూసుకోవాల్సింది మీ ఆరో నంబర్ మిడ్‌ఫీల్డర్. వీడియోను అక్కడ ఆపి చూస్తే అతను నిలబడి బంతి వైపు చూస్తున్నాడు. వాళ్ళ వింగర్ ఖాళీ మైదానంలో పరిగెత్తాడు, మీ సెంటర్ బ్యాక్ (వెనుక మధ్యలో ఉండే డిఫెండర్) తన చోటు వదిలి బయటికి రావాల్సి వచ్చింది, మధ్యలోకి పాస్, గోల్. ఆఖరి ఫ్రేములో వింగర్ వెనుక పరుగెత్తుకుంటూ కనిపించేది లెఫ్ట్ బ్యాక్. అందుకే అందరికీ గుర్తుండిపోయింది అతనే. పదో నంబర్, ఆరో నంబర్ ఆ ఫ్రేములో లేరు, కాబట్టి తిట్లలోనూ లేరు.

రెండో గోల్ ఇంకా అన్యాయం. 63వ నిమిషంలో వింగర్, రైట్ బ్యాక్ ఇద్దరూ అతని మీదికి వచ్చారు. అతను ముందుకు దూకలేదు. లోపలికి పోయే దారి మూసి, వెనక్కి జరుగుతూ ఆలస్యం చేశాడు. ఇద్దరి మీద ఒక్కడున్నప్పుడు చేయాల్సింది సరిగ్గా అదే. క్రాస్ (అంచు నుంచి గోల్ ముందుకు కొట్టే బంతి) వేయనిచ్చాడు, నిజమే. కానీ ఆ క్రాస్ అవతలి పోస్ట్ దాకా వెళ్ళింది. అక్కడ మీ రైట్ బ్యాక్ బంతినే చూస్తూ తన వెనుక ఉన్న మనిషిని వదిలేశాడు. తల పెట్టింది ఆ మనిషే. గ్రూపులో ఒక్కరైనా రైట్ బ్యాక్ పేరు ఎత్తారా?

ఇది మన ఊరి ఆటలోనే జరిగేది అనుకోకు. 2022 డిసెంబర్ 18న ఖతార్‌లోని లుసైల్ స్టేడియంలో జరిగిన ప్రపంచకప్ ఫైనల్ మొదటి సగం మళ్ళీ చూడు. అర్జెంటీనా డి మరియాను ఎడమ అంచున పెట్టింది. ఫ్రాన్స్ వైపు ఆ మూల రైట్ బ్యాక్ కుందే, అతని ముందు డెంబెలే. 23వ నిమిషంలో మెస్సీ కొట్టిన పెనాల్టీ, డి మరియాను డెంబెలే పడేస్తే వచ్చింది. 36వ నిమిషంలో మెస్సీ ఒక్క టచ్‌తో తిప్పిన బంతి అల్వారెజ్‌కు, అతని నుంచి మాక్ అలిస్టర్‌కు, అక్కడి నుంచి అడ్డంగా డి మరియాకు, గోల్. కుందే కాచాల్సిన ఆ మూల డి మరియాకు ఖాళీ దొరికింది. టీవీ ముందు కూర్చున్నవాళ్ళకు తిట్టాలనిపించేది కుందేనే. కోచ్ దెషాం ఏం చేశాడో చూడు. హాఫ్ టైమ్ దాకా కూడా ఆగకుండా 41వ నిమిషంలో డెంబెలేను, స్ట్రైకర్ జిరూను బయటికి పిలిచి థురామ్‌ను, కోలో మువానీని పంపాడు. కుందేను మాత్రం అదనపు సమయం ఆఖరిదాకా ఆడించాడు. గోల్ ఎక్కడ పడిందో అందరికీ కనబడింది. చిల్లు ఎక్కడ మొదలైందో కోచ్ వెతికాడు.

అదే మ్యాచ్‌లో ఇంకో పాఠం ఉంది. 64వ నిమిషంలో అర్జెంటీనా డి మరియాను తీసేసి డిఫెండర్ అకూన్యాను దింపింది. డి మరియా ఉన్నంతసేపూ ఫ్రాన్స్ కుడివైపు వాళ్ళు తమ హాఫ్‌ను కాచుకోవడానికే సరిపోయారు. అతను వెళ్ళాక వాళ్ళకు ముందుకు వెళ్ళే వీలు దొరికింది. 80, 81 నిమిషాల్లో ఎంబాపె రెండు గోల్స్ కొట్టాడు. రెండు గోల్స్‌కూ ఆ మార్పు ఒక్కటే కారణమని నేను అనను, అలసట ఉంది, ఫ్రాన్స్ దింపిన కొత్త కాళ్ళు ఉన్నాయి. కానీ మంచి వింగర్ ఎదుటివాళ్ళ డిఫెండర్‌ను వెనక్కి నొక్కి ఉంచడం కూడా ఒక పనే. ఆ పని ఏ స్కోర్ షీట్‌లోనూ రాయరు.

ఎంబాపె సంగతి మాట్లాడాలి, ఎందుకంటే మీ తొమ్మిదో నంబర్ విషయంలో అదే ప్రశ్న వస్తుంది. ఆ ఫైనల్లో ఎంబాపె 80వ నిమిషం దాకా పెద్దగా కనబడలేదు. చివరికి మూడు గోల్స్ కొట్టాడు. 1966లో జెఫ్ హర్స్ట్ తర్వాత పురుషుల ప్రపంచకప్ ఫైనల్లో హ్యాట్రిక్ కొట్టినవాడు అతనొక్కడే. అతనికి తక్కువ మార్కులు వేస్తే జనం ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. గోల్ కొట్టడం అన్నిటికంటే కష్టమైన పని, దానికి విలువ ఇచ్చి తీరాలి. కానీ ఆ 81వ నిమిషం గోల్ ఎక్కడ మొదలైంది? సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన కోమన్ మెస్సీ కాళ్ళ దగ్గర నుంచి బంతి లాక్కున్న చోట. తర్వాత షూటౌట్‌లో కోమన్ కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ మార్టినెజ్ ఆపాడు. ఈరోజు కోమన్ అనగానే ఆ పెనాల్టీయే చెప్తారు. లాక్కున్న ఆ బంతే లేకపోతే ఆ మ్యాచ్ షూటౌట్ దాకా వెళ్ళేదో లేదో ఎవరికి తెలుసు?

మీ తొమ్మిదో నంబర్ 41వ నిమిషంలో కొట్టిన గోల్ బాగుంది, అందులో నాకు సందేహం లేదు. పదకొండో నంబర్ ఇచ్చిన పాస్‌ను మొదటి టచ్‌లోనే తన ముందుకు పెట్టుకుని కొట్టాడు. మన గట్టి నేల మీద బంతి అంత ఎగురుతుంటే అలా అదుపులో పెట్టడం చిన్న విషయం కాదు. కానీ మిగతా సమయంలో వాళ్ళ సెంటర్ బ్యాక్‌లు బంతి పట్టుకుని తీరిగ్గా ముందుకు పాస్ ఇస్తుంటే అతను నడుస్తూ కనిపించాడు. 4-4-2లో ముందున్న ఇద్దరూ ఎదుటివాళ్ళ మధ్య మిడ్‌ఫీల్డర్‌కు బంతి అందకుండా మూయకపోతే, వెనుక ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు మునిగిపోతారు. వాళ్ళను ఆదుకోవడానికి నువ్వు పదకొండో నంబర్‌ను లోపలికి పిలిచావు. అతను లోపలికి వస్తే అంచు ఖాళీ అయింది. అంచు ఖాళీ అయితే లెఫ్ట్ బ్యాక్ ఒంటరి అయ్యాడు. ఇప్పుడు చెప్పు, మీ ఎడమవైపు సమస్య ఎక్కడ మొదలైంది? గ్రూపులో అందరూ పొగుడుతున్న మనిషి దగ్గర. అలాగని తప్పంతా అతనిదే అని కూడా నేను అనను. ప్రెస్ చేయమని, అంటే బంతి ఉన్నవాళ్ళ మీదికి వెళ్ళి ఒత్తిడి పెట్టమని, నువ్వు అతనికి చెప్పావా? చెప్పి ఉంటే అది అతని లోపం. చెప్పకపోతే ప్లాన్‌లో లోపం. ఈ రెండింటినీ కలిపేస్తే పిల్లలకు న్యాయం చేయలేం.

ఒకప్పటి భారత జట్టు కోచ్, మన హైదరాబాద్ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం గురించి మీ పిల్లలకు చెప్పు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత్ యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. అంత ఘోరంగా ఓడినప్పుడు ఆటగాళ్ళను తిట్టడం చాలా సులువు. రహీం సాబ్ తన పద్ధతినే మార్చారు. సెంటర్ ఫార్వర్డ్‌ను (ముందు మధ్యలో ఆడే ఆటగాడిని) వెనక్కి లాగి ఆడించే కొత్త తీరు తెచ్చారు. నాలుగేళ్ళకు 1956 మెల్‌బోర్న్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరింది. సెమీస్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా. ముందు గోల్ కొట్టింది మనవాళ్ళే, తర్వాత 4-1తో ఓడినా చివరికి నాలుగో స్థానం దక్కింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన రెండు గోల్స్‌లో ఒకటి అతనిదే. ఆ రోజు జర్నైల్‌ను డిఫెండర్ కొలతలతో కొలిస్తే ఏం రాస్తాం?

సరే, చూసే పద్ధతి. మ్యాచ్ అయిన రోజు ఏ తీర్పూ ఇవ్వకు. ఆ రాత్రి అందరికీ బాధ ఉంటుంది, కోపం ఉంటుంది. మర్నాడు వీడియో ఒకసారి ఆపకుండా మొత్తం చూడు. రెండోసారి బంతిని వదిలేసి చూడు. అంటే ఒక్క ఆటగాడిని ఎంచుకుని, బంతి ఎక్కడున్నా అతన్ని మాత్రమే చూడు. పదినిమిషాలు అలా చూస్తే ఆ అబ్బాయి గురించి ఏడాదిలో తెలియనిది తెలుస్తుంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్ళి భారత జట్టుకు ఆడుతున్న గుగులోత్ సౌమ్య మ్యాచ్ వస్తే మా పిల్లలకు నేను చెప్పేది కూడా ఇదే: బంతిని చూడకండి, సౌమ్యను చూడండి, బంతి అవతలి అంచున ఉన్నప్పుడు వింగర్ ఎక్కడ నిలబడుతుందో చూడండి.

పడిన ప్రతి గోల్‌కూ, తప్పిపోయిన ప్రతి పెద్ద అవకాశానికీ ఇరవై సెకన్లు వెనక్కి వెళ్ళి మూడు విషయాలు రాయి. బంతి ఎక్కడ పోయింది, పోయిన క్షణంలో మనవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారు, మొదట కదలాల్సిన మనిషి ఎవరు. ఇక్కడ ఆటగాడి పేరు రాసేటప్పుడు ఇంకో మాట కూడా రాయాలి: అతను చూడలేదా, చూసినా నిర్ణయం తప్పిందా, నిర్ణయం సరైనదే అయినా కాలు తప్పిందా, లేక ఒంట్లో ఓపిక లేదా. నాలుగూ వేరు వేరు రోగాలు, ఒకే మందు పనిచేయదు. మీ రైట్ బ్యాక్ ఆ క్రాస్‌ను చూసే తీరులో తప్పు చేశాడు, భుజం మీదుగా వెనక్కి చూసే అలవాటు లేదు. అది నేర్పితే వస్తుంది. మీ పదో నంబర్‌ది నిర్ణయం తప్పు, పక్కన ఖాళీగా మనిషి ఉన్నాడు.

అంకెల గురించి కూడా అడిగావు కదా. పాస్‌ల శాతం చూసి మోసపోకు. సెంటర్ బ్యాక్ పక్కనున్న సెంటర్ బ్యాక్‌కు పాస్ ఇస్తూ పోతే నూటికి తొంభై దాటుతుంది, దానివల్ల ఎవరికీ నష్టం లేదు, లాభమూ లేదు. ముందుకు పాస్ ఇవ్వడానికి ప్రయత్నించేవాడి శాతం తక్కువే ఉంటుంది. టీవీలో ఈమధ్య చూపించే ఎక్స్‌జీ (ఎక్స్‌పెక్టెడ్ గోల్స్) మంచి లెక్కే. ఆ చోటు నుంచి, అలాంటి అవకాశం సగటున ఎన్నిసార్లు గోల్ అవుతుందో చెప్తుంది, పెనాల్టీ అయితే నూటికి 75 నుంచి 80 అన్నమాట. కానీ అది వేల షాట్ల మీద కట్టిన లెక్క. మీ టీమ్ కొట్టిన నాలుగైదు షాట్లకు దాన్ని అంటగట్టి ఎవరినీ తేల్చకు. మీకు పనికొచ్చే లెక్కలు రెండే. బంతి పోయాక ఐదు సెకన్లలో ఎంతమంది వెనక్కి తిరిగారు? మన హాఫ్‌లో ప్రమాదకరమైన చోట ఎన్నిసార్లు బంతి పోగొట్టుకున్నాం? పెన్ను, కాగితం చాలు.

ఎండను మర్చిపోవద్దు. మన వరంగల్‌లో మార్చి ఆఖరు మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్ పెడితే 50వ నిమిషం తర్వాత ఆట వేరే ఆట. చివరి ఇరవై నిమిషాల తప్పులను విడిగా రాసి పెట్టు. ఇద్దరి మీద ఒక్కడే ఆడిన అబ్బాయి ఎంత పరిగెత్తి ఉంటాడో ఆలోచించు. 63వ నిమిషంలో అతను రెండడుగులు ఆలస్యంగా వెళ్ళాడని నీ మెసేజ్‌లో రాశావు. ఆలస్యం అయ్యాడు, నిజమే. బెంచ్ మీద ముగ్గురు కూర్చుని ఉండగా అతన్ని మార్చాల్సింది, లేదా పదకొండో నంబర్‌ను మళ్ళీ బయటికి పంపాల్సింది. సబ్‌స్టిట్యూషన్ కూడా మార్కులు వేయాల్సిన విషయమే, అది నీ ఖాతాలో పడుతుంది.

ఇప్పుడు మార్కులు. గ్రూపులో పెట్టకు, ఇది నా గట్టి అభిప్రాయం. ఫ్రాన్స్‌లో లెకిప్ పత్రిక పదికి మార్కులు వేయడంలో కఠినమైనదని పేరు, పదికి పది రావడం చాలా అరుదు. అక్కడ ఆ మార్కులు పడేది జీతానికి ఆడే ఆటగాళ్ళకు. పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి పదికి నాలుగు అని అందరి ముందు పెడితే అతనికి మిగిలేది ఆ నాలుగు ఒక్కటే. ఎందుకు నాలుగో, ఏం చేస్తే ఆరు అవుతుందో అతనికి చేరదు. అంతగా కావాలంటే నీ నోట్‌బుక్‌లో రాసుకో, కానీ ఒక్క అంకె కాకుండా రెండు రాయి: ఇచ్చిన పని ఎంత చేశాడు, ఆ పని కాకుండా సొంతంగా ఎంత ఇచ్చాడు. రెండూ కలిపి నేను వేస్తే మీ లెఫ్ట్ బ్యాక్‌కు ఈ మ్యాచ్‌లో ఏడు. పదకొండో నంబర్‌కూ ఏడే, చెప్పిన పని చేశాడు, గోల్‌కు పాస్ ఇచ్చాడు. తొమ్మిదో నంబర్‌కు ఆరు. ఆరో నంబర్‌కు ఐదు, ఎందుకంటే ఆ ఖాళీ చూసుకోవడం అతనికి ముందే చెప్పిన పని అని నువ్వే రాశావు. గోల్‌కీపర్‌కు ఏడు, రెండు గోల్స్‌లోనూ అతను చేయగలిగింది ఏమీ లేదు, ఇంకో రెండు సేవ్‌లు బాగా చేశాడు.

ఆ లెఫ్ట్ బ్యాక్ అబ్బాయితో ఫోన్‌లో కాకుండా, ఇంటికి వెళ్ళి మాట్లాడు. "పర్వాలేదురా, తర్వాతి మ్యాచ్‌ల చూసుకుందాం" అనొద్దు. అలా అంటే 'తప్పు నీదే, క్షమించేశాం' అన్నట్టు వినబడుతుంది. ఫోన్‌లో 63వ నిమిషం చూపించి, "ఇక్కడ నువ్వు చేసింది కరెక్ట్, నీకు తోడు పంపనిది నేను" అని చెప్పు. తర్వాత అదే మాట టీమ్ ముందు కూడా చెప్పు. అందరూ తిట్టింది గ్రూపులో కాబట్టి, సరిదిద్దాల్సింది కూడా అందరి ముందే.

ఆటలో మార్పు పెద్దదేం అక్కర్లేదు. మీ పదో నంబర్‌ను స్ట్రైకర్ పక్కన కాకుండా కాస్త కిందకు దించు, వాళ్ళ వెనుక మిడ్‌ఫీల్డర్ దగ్గర నిలబడమను. మధ్యలో ముగ్గురికి ముగ్గురు అవుతారు, పదకొండో నంబర్ అంచు వదలాల్సిన పని ఉండదు. పదో నంబర్‌కు బంతితో ఆడే తెలివి ఉంది, కింద నుంచి ఎదురుగా చూస్తూ ఆడితే ఆ తెలివి ఇంకా పనికొస్తుంది. ప్రాక్టీస్‌లో వారం రోజులు ఒక్కటే చేయించు: సగం గ్రౌండ్, అంచున ఇద్దరి మీద ఇద్దరు, బంతి పోయిన వెంటనే ఆరో నంబర్ పరుగెత్తుకొచ్చి మూడో మనిషి కావాలి. ఐదు సెకన్లలో రాకపోతే ఎదుటివాళ్ళకు గోల్ లెక్క.

వచ్చే మ్యాచ్ వీడియో గీత పక్కన నిలబడి తీయించకు. స్టాండ్ పై మెట్టు ఎక్కించి, జూమ్ చేయకుండా, నాలుగు డిఫెండర్లూ ఎప్పుడూ ఫ్రేములో ఉండేలా తీయమను. మొదటి ఇరవై నిమిషాలు ఇక్కడ పెట్టు, ఆరో నంబర్ ఎక్కడ నిలబడుతున్నాడో చూసి చెప్తాను.